చలికాలంలో మళ్లీ సైకిలెక్కేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

విశాఖపట్నంలో చలి అంటే అరకు, లంబసింగి వైపు వారికి నవ్వు రావడం సహజమే. డిసెంబరు, జనవరి నెలల్లో సైతం ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది కాబట్టి, ఏళ్ల తరబడి మెట్ల కింద పడి ఉన్న సైకిలును బయటికి తీయాలనే ఆలోచన మన ఊరి వారికి ఎక్కువగా ఈ కాలంలోనే వస్తుంది. అయితే కార్తీకంలో పుట్టిన ఆ ఉత్సాహం చాలామందిలో సంక్రాంతి దాకా నిలవదు. అందుకు చలి కంటే పెద్ద కారణం మరొకటి ఉంది: కాలేజీ రోజుల్లో తొక్కిన దూరాన్ని ఇప్పటి ఒంటితో మొదటి ఆదివారమే తొక్కేయాలని చూడడం. ఒంటికి ఎంత జాగ్రత్త అవసరమో ఉత్సాహానికీ అంతే అవసరమని నాకు కొంత ఆలస్యంగా తెలిసింది.

తొమ్మిదేళ్ల తరువాత సైకిలెక్కిన రోజున నేను సిరిపురం నుంచి పాండురంగాపురం డౌన్‌లో హాయిగా జారి, సముద్రపు గాలి ముఖానికి తగులుతుంటే నన్ను నేనే మెచ్చుకుంటూ తెన్నేటి పార్కు దాకా వెళ్లాను. తిరుగు ప్రయాణంలో ఆ డౌనే అప్ అయింది. సగం ఎక్కేసరికి తొడలు బిగుసుకుపోయి, కళ్ల ముందు మెరుపులు కనిపించి, సైకిలును గోడకు ఆనించి కూలబడ్డాను. పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి బండి ఆపి, "చైను పడిపోయిందా సార్?" అని అడిగితే అవునని అబద్ధమాడాను. ఆ తరువాత పదకొండు రోజులు సైకిలు వంక చూడలేదు. ఈ ఊరిలో మిట్ట మీది పేటల్లో ఉండేవారికి బీచ్‌కు వెళ్లడం తేలిక, ఇల్లు చేరడం కష్టం. కాబట్టి ఉన్న ఓపికలో సగానికి పైగా తిరిగి వచ్చేటప్పటి ఎత్తుకోసం దాచుకుని, అక్కడ దిగి నడిపించుకుని రావడాన్ని మొదటి నెలలో నామోషీగా భావించకుండా ఉండాలి. ఎదురుగాలి ఉన్న రోజున ముందు ఆ దిక్కుకే వెళ్లి, అలసిన తరువాత గాలి వీపున ఉండేలా తిరిగి రావడం కూడా ఇలాంటి పొదుపే.

నలభై దాటినవారు, రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బు, ఉబ్బసం వంటివి ఉన్నవారు మొదలుపెట్టే ముందు తప్పనిసరిగా వైద్యుణ్ణి సంప్రదించాలి. చలికి రక్తనాళాలు కుంచించుకుపోయి రక్తపోటు పెరుగుతుంది. అలవాటు లేని శ్రమ దానికి తోడైతే గుండె మీద భారం మరింత పెరుగుతుంది. ఛాతీలో బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చలిలోనూ ఆగని చెమట, కళ్లు తిరగడం కనిపిస్తే గ్యాస్ అనుకుని సర్దుకోకుండా అక్కడికక్కడే ఆగి 108కి ఫోన్ చేయాలి. ఇన్సులిన్ గానీ, చక్కెరను తగ్గించే మాత్రలు గానీ వాడేవారు పరగడుపున బయలుదేరకూడదు. జేబులో చిన్న బెల్లం ముక్కో గ్లూకోజు పొట్లమో ఉంచుకోవాలి. శీతాకాలంలో దాహం తెలియదు గానీ నీటి అవసరం తగ్గదు కాబట్టి సీసా మరచిపోకూడదు.

మొదటి రెండు వారాలు దూరాన్ని పూర్తిగా పక్కన పెట్టి గడియారాన్ని నమ్ముకోవడం మంచిది. వారానికి మూడు నాలుగు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు, అందులో మొదటి ఐదు నిమిషాలు చాలా మెల్లగా తొక్కితే చాలు. పక్కన వచ్చే మనిషితో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతుంటే వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట ముక్కలవుతుంటే తగ్గించాలి. గేర్ల సైకిలైతే బరువైన గేరులో మోకాళ్లతో కుస్తీ పట్టకుండా, తేలిక గేరులో కాళ్లు చురుగ్గా తిరిగేలా చూసుకోవాలి. సీటు ఎత్తు కూడా సరిచూడాలి: పెడల్ అన్నిటికంటే కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే వారంలోనే మోకాలిచిప్ప ముందు నొప్పి మొదలవుతుంది, ఆ నొప్పితో పాటు మానేయడానికి సాకు కూడా దొరుకుతుంది. కూర్చునే చోట మొదటి పది రోజులు కలిగే నొప్పి మాత్రం చాలామందికి దానంతట అదే తగ్గుతుంది.

మనసు విషయానికి వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమను సూచిస్తుంది. ఆ అంకెను మొదటి వారమే అందుకోవాలని చూసినవారికి నాలాగే పాలబ్బాయి కనిపిస్తాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు కొత్త అలవాట్లను గమనించినప్పుడు, ఒక పని ఆలోచన లేకుండా జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టిందని, మనిషిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా మారిందని, మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని తేలింది. కాబట్టి ఒక ఉదయం దుప్పటి గెలిస్తే అపరాధంగా భావించనక్కరలేదు. వరుసగా రెండో ఉదయం గెలవకుండా చూసుకుంటే సరిపోతుంది. రాత్రే టైర్లలో గాలి చూసి, బట్టలు, హెల్మెట్, తాళంచెవి తలుపు దగ్గర పెట్టుకుంటే తెల్లవారి వాయిదా వేయడానికి కారణాలు తగ్గుతాయి. బరువు తూచుకోవడం మొదటి నెలలో వద్దనే నా అభిప్రాయం; తొక్కి వచ్చి బీచ్ ఎదుట రెండు ప్లేట్లు టిఫిన్ లాగించేవారికైతే ఆ తూకం మరింత నిరుత్సాహం కలిగిస్తుంది. దానికి బదులు అప్‌లో ఎక్కడ దిగవలసి వచ్చిందో గుర్తు పెట్టుకోవడం మేలు. నేను మొదట రెండో కరెంటు స్తంభం దగ్గర దిగేవాణ్ణి, ఆరు వారాలకు ఐదో స్తంభం దాకా వచ్చాను.

ఇక సైకిలు సంగతి. ఉప్పుగాలికి చైను, బ్రేకు కేబుళ్లు, చువ్వలు ఎంత త్వరగా తుప్పు పడతాయో ఈ ఊరి వారికి చెప్పనక్కరలేదు. నెలల తరబడి కదలని సైకిలులో బ్రేకు రబ్బర్లు గట్టిపడి జారుతాయి, టైరు పక్కల్లో సన్నని పగుళ్లు వస్తాయి, గాలి కొట్టినా సాయంత్రానికి దిగిపోతుంది. డౌన్‌లో దిగే ముందు ఇవన్నీ దుకాణంలో చూపించి ఓవర్‌హాలింగ్ చేయించాలి. చైనుకు కొబ్బరి నూనె పూయడం మన ఇళ్లలో పాత అలవాటే గానీ, అది ఇసుకను పట్టుకుని చైనును అరగదీస్తుంది. చైను కోసమే అమ్మే నూనె కొద్దిగా వేసి, పైన మిగిలినది గుడ్డతో తుడిచేయాలి.

జనవరిలో ఇక్కడ సూర్యోదయం ఉదయం 6:30 ప్రాంతంలో గానీ కాదు కాబట్టి ఐదింటికి బయలుదేరేవారు గంటకు పైగా చీకటిలో ఉంటారు. ముందు తెల్ల లైటు, వెనుక ఎర్ర లైటు, లేత రంగు చొక్కా తప్పనిసరి. మొదట్లో ఉదయపు నడక కోసం వాహనాలను ఆపే బీచ్ రోడ్డు భాగంలోనే తిరగడం క్షేమం; అక్కడ కూడా అడ్డదిడ్డంగా నడిచేవారిని, రోడ్డు అంచుకు గాలి చేర్చిన సన్నని ఇసుకను గమనించాలి. ఆ ఇసుక మీద మలుపులో బ్రేకు నొక్కితే ముందు చక్రం జారిపోతుంది. మంచుకు తడిసిన జీబ్రా గీతలూ అంతే. జాతీయ రహదారి మీదికి, లారీలు తిరిగే కాన్వెంట్ జంక్షన్ వైపు, దాదాపు 25 కిలోమీటర్ల దూరంలోని భీమిలికి వెళ్లడం ఈ చలికాలానికి వాయిదా వేసుకోవాలి. కుక్కలు వెంటపడితే వేగం పెంచడం తప్పు. ఆగి, దిగి, సైకిలును మధ్యలో అడ్డుగా పెట్టుకుని నెమ్మదిగా నడిస్తే చాలా వరకు అవి వెనక్కి తగ్గుతాయి.

బట్టల దగ్గర మన అందరి బలహీనత మంకీ క్యాప్. దాని మీద హెల్మెట్ పెడితే అది పైకి లేచి నుదురు ఖాళీగా మిగులుతుంది, పైగా చెవులు మూసుకుపోయి వెనుక వచ్చే ఆటో హారన్ వినిపించదు. హెల్మెట్ అంచు కనుబొమలకు రెండు వేళ్ల ఎత్తులో ఉండాలి కాబట్టి లోపల పలుచని గుడ్డ కట్టుకోవడమే సరైన పద్ధతి. మందపాటి స్వెట్టరు ఒకటి వేసుకునే కంటే పలుచనివి రెండు వేసుకుని, ఒళ్లు వేడెక్కాక పైది తీసేయాలి. చెమట పట్టిన ఒంటితో డౌన్‌లో దిగితే చలి నేరుగా ఛాతీకి తగులుతుంది.

శీతాకాలపు ఉదయాల్లో నేల దగ్గర చల్లగాలి, దాని పైన వెచ్చని గాలి పొర ఏర్పడడం వల్ల పొగ పైకి లేవదు. ఒకవైపు డాల్ఫిన్స్ నోస్, మరోవైపు సింహాచలం కొండలు ఉన్న మన ఊరిలో పోర్టు దుమ్ము, పరిశ్రమల పొగ తెల్లవారుజామున మరింత దట్టంగా అనిపించడానికి ఇదే కారణం. ఉబ్బసం ఉన్నవారు అలాంటి రోజుల్లో ఎండ వచ్చాక వెళ్లాలి. భోగి నాటి ఉదయం అసలు బయలుదేరకపోవడమే మంచిది. నవంబరు, డిసెంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండమని వార్త వస్తే ఆ రెండు మూడు రోజులు సైకిలుకు సెలవు ఇచ్చి, ఇంట్లో మెట్లు ఎక్కి దిగితే కాళ్లు అలవాటు తప్పవు.

సంక్రాంతి విరామం ఎలాగూ తప్పదు. ఇంటి నిండా చుట్టాలు, డబ్బా నిండా అరిసెలు ఉన్న వారంలో తొక్కలేకపోయినవారు ముక్కనుమ దాటాక పాత లెక్కను ఒకేసారి సరిచేయాలని చూడకుండా, ఆపే ముందు తొక్కిన సమయంలో సగంతో మూడు రోజులు గడిపి, నాలుగో రోజున మళ్లీ పాత అప్‌కు వెళ్లాలి.