డీజిల్ బండి న్యూట్రల్‌లో వణుకుతుంటే ముందు పైపు చూడండి

మా 2004 నాటి డీజిల్ కారు సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, గేర్ రాడ్ గడగడా వణికేది. మీకూ అలా ఉంటే ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి) విప్పించే ముందు, డీజిల్‌తో పాటు గాలి కూడా పోతోందేమో ఇలా చూడండి.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డీజిల్ ఫిల్టర్‌కీ, ఇంజెక్టర్లకి డీజిల్ పంపే పంపుకీ మధ్య ఉన్న రబ్బరు పైపు తీసి, అదే లోపలి సైజులో ట్రాన్స్‌పరెంట్ పైపు ఒక అడుగు ముక్క పెట్టి, రెండు వైపులా క్లిప్పులు బిగించండి. ఫిల్టర్ మీది చేతి పంపు గట్టిపడేదాకా నొక్కి స్టార్ట్ చేయండి. మొదట్లో బుడగలు వస్తాయి, పట్టించుకోవద్దు. 5 నిమిషాల తర్వాత కూడా సన్నటి బుడగలు వరసగా పోతుంటే ఆ పైపుకు ముందు, అంటే ట్యాంకు నుంచి ఫిల్టర్ దాకా ఎక్కడో ఎయిర్ లాగుతోందన్నమాట.

మా బండికి ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే స్క్రూ వాషర్ ఎండి పగిలింది. తడిమితే చుక్క డీజిల్ తగల్లేదు. అది పంపు పీల్చే వైపు కాబట్టి అక్కడ గాలి లోపలికి పోతుంది కానీ డీజిల్ బయటికి రాదు, అందుకే ఇన్నాళ్లూ దొరకలేదు. వాషర్ మార్చాక వణుకు పోయింది.

బుడగలు లేకపోతే లోపం ఇంజెక్టర్లలోనో కంప్రెషన్‌లోనో (ఇంజిన్ లోపల గాలిని నొక్కే ఒత్తిడి) ఉండొచ్చు, మెకానిక్‌కి చూపించాల్సిందే. ఇది పాతకాలం మెకానికల్ పంపు బళ్లకే. కామన్ రైల్ బండిలో (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ వెళ్లే కొత్తరకం) ప్రెషర్ చాలా ఎక్కువ, దాని పైపుల జోలికి అస్సలు వెళ్లకండి. చూడటం అయ్యాక ట్రాన్స్‌పరెంట్ పైపు తీసేసి రబ్బరుదే బిగించండి, ట్రాన్స్‌పరెంట్‌ది వేడికి మెత్తబడి ఊడిపోతుంది.