వెండితో గాజుకి పసుపు ఎక్కించడం

సిల్వర్ స్టెయిన్‌ని, అంటే గాజుకి పసుపు ఎక్కించే వెండి కలిసిన పొడిని, పెయింట్ అనుకుని మొదలుపెట్టినవాళ్లు తప్పకుండా దెబ్బతింటారు, నేనూ తిన్నాను. నల్ల గీతలకి వాడే గాజు పెయింట్ పైపైన కరిగి అతుక్కుంటుంది. ఇది అలా కాదు. బట్టీ వేడికి ఇందులోని వెండి గాజులోకి దిగి, సోడియం ఉన్నచోట తాను చేరి, కంటికి కనపడనంత చిన్న కణాలుగా మారి నీలం వెలుగుని మింగేస్తుంది, మనకి పసుపు మిగులుతుంది. కాబట్టి పూసేటప్పుడు కనిపించే ఇటుక రంగుకీ, చివర వచ్చే పసుపుకీ సంబంధమే లేదు.

బొలోన్యాలో ఉండిన యాకోబ్ అనే 15వ శతాబ్దపు సన్యాసి చొక్కా వెండి గుండీ గాజు మీద పడి ఇది బయటపడిందని ఓ కథ. కథ బాగానే ఉంది గానీ, ఆయన పుట్టడానికి దాదాపు వందేళ్ల ముందే, అంటే 1310ల నాటికే, ఫ్రాన్స్, ఇంగ్లండ్ చర్చి కిటికీల్లో ఈ పసుపు ఉంది.

ముందు గీతలూ నీడలూ గాజు ముందువైపు వేసి, 650 నుంచి 680 డిగ్రీల సెల్సియస్‌లో కాల్చేయండి. స్టెయిన్ ఎప్పుడూ ఆఖర్న, వెనకవైపు. మామూలు కిటికీ గాజు, అంటే ఫ్లోట్ గాజు అయితే ఒక ముఖానికి తయారీలోనే తగరం అంటుకుని ఉంటుంది, అటువైపు రంగు ముదురుగా, ఒక్కోసారి గోధుమరంగులోకి వెళ్తుంది. షార్ట్‌వేవ్ యూవీ లైటు పెడితే తగరం వైపు పాలలా మెరుస్తుంది (లైటుని కళ్లతో నేరుగా చూడొద్దు). ఏ వైపు కావాలో తేల్చుకుని ఇక అన్ని ముక్కలకీ అదే వైపు వాడండి.

పొడిని డిస్టిల్డ్ వాటర్‌లో, అదే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లలో, చిక్కటి మజ్జిగలా కలపండి. కుళాయి నీళ్లలో క్లోరిన్, ఉప్పులు ఉంటాయి కాబట్టి వద్దు. ఇనుప కత్తితో కలపకండి, స్టెయిన్ ఇనుముని తినేస్తుంది, ప్లాస్టిక్ గరిట చాలు. బ్రష్ విషయంలో మాత్రం మొండిగా ఉండండి: స్టెయిన్ బ్రష్ స్టెయిన్‌కే. నేను ఇష్టంగా దాచుకున్న మెత్తటి బ్యాడ్జర్ బ్రష్ (బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలతో చేసింది) దీనికి వాడాను, కొన్నాళ్లకే వెంట్రుకలు పెళుసై రాలిపోయాయి.

గ్లోవ్స్, మాస్క్, కళ్లద్దాలు తప్పనిసరి. చాలా స్టెయిన్లలో ఉండే సిల్వర్ నైట్రేట్, ఓట్లప్పుడు వేలికి పూసే ఇంకులో ఉండేదే, చర్మానికి తగిలితే నల్లమచ్చ రోజుల తరబడి వదలదు, కంట్లో పడితే ఆస్పత్రి వ్యవహారం.

సమానంగా పూసి, తడి ఉండగానే మెత్తటి బ్రష్‌తో అటూ ఇటూ తేలిగ్గా తాకిస్తూ చారలు పోగొట్టండి. పూర్తిగా ఆరాక వెదురు పుల్లతో గీకితే ఆకు ఈనెలు, జుట్టు పాయల్లాంటివి తెల్లగా వస్తాయి. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, అయితే పొడి రేగుతుంది, ఊదకండి.

పూసిన వైపు పైకి ఉంచి 550 నుంచి 600 మధ్య కాల్చాలి, పది నిమిషాలు అదే వేడిలో ఉంచి, తర్వాత నిదానంగా చల్లార్చాలి. కచ్చితమైన అంకె గాజుని బట్టి, స్టెయిన్‌ని బట్టి మారుతుంది కాబట్టి, అదే గాజు చిన్న ముక్కలు నాలుగు తీసుకుని 15 డిగ్రీల తేడాతో విడివిడిగా కాల్చి, వెనక మార్కర్‌తో రాసి పెట్టుకోండి. వేడి ఎక్కువైతే వెండి పైకి తేలి నీలం నీలంగా అద్దంలా మెరుస్తుంది, దాన్ని సరిచేసే దారి నాకైతే దొరకలేదు. పొగలు పక్క ముక్కలకీ అంటుకుంటాయి, ఎడం ఉంచండి, గది కిటికీలు తెరవండి.

బయటికి తీసినప్పుడు గాజు మీద మట్టిరంగు పొర చూసి టెన్షన్ పడకండి. తడి గుడ్డతో తుడిస్తే కింద పసుపు కనిపిస్తుంది. ఆ పొడిలో ఇంకా వెండి ఉంటుంది, సింకులో కడగకుండా సీసాలో పెట్టండి. చెయ్యి తిరిగాక ఇదే స్టెయిన్ లేత నీలం గాజు మీద పూసి చూడండి, ఆకుపచ్చ వస్తుంది.