పుంకహర్యు వెళ్తున్నారా? కొండ అనుకుని మాత్రం వెళ్లకండి

ఫిన్లాండ్‌కి వచ్చిన కొత్తలో 'హర్యు' అంటే కొండేమో అనుకుని ట్రెక్కింగ్ బూట్లు వేసుకుని బయల్దేరాను. తీరా చూస్తే రెండు సరస్సుల మధ్య చెరువుకట్టలాంటి సహజమైన గట్టు! ఏడు కిలోమీటర్ల కట్ట. ఇటు పురువేసి సరస్సు, అటు పిహ్లయావేసి, నడుమ నిటారుగా పైన్ చెట్లు. కొన్నిచోట్ల ఎంత సన్నమంటే, పాత రోడ్డుకి పోగా ఇక రెండు పక్కలా వాలే, కింద నీళ్లు. మామూలు షూస్ చాలు.

హెల్సింకీలో యొయెన్సూ రైలెక్కి పారిక్కలలో దిగండి. అక్కడ సవోన్‌లిన్నా వెళ్లే బుల్లి రైలు సిద్ధంగా ఉంటుంది. నేను కాఫీకని వెళ్లి దాన్ని పోగొట్టుకున్నా. తర్వాతి రైలు దాకా బెంచీ మీద కూర్చుని, గట్టు మీద తిందామని తెచ్చుకున్న పులిహోర అక్కడే లాగించేశా. ఇంకో మాట. పుంకహర్యు అనే స్టేషన్ ముందే వస్తుంది, పేరు చూసి దిగిపోకండి. నడకకి దగ్గర దాని తర్వాతి లుస్తో. అడవి మ్యూజియం కూడా అక్కడే. వాన పడితే తలదాచుకోవడానికి మంచి చోటు. 1845 నాటి పాత హోటల్ కూడా దగ్గర్లోనే ఉంది.

దారిలో మట్టి బయటపడ్డ చోట ఒకసారి వంగి చూడండి. ఇసుక, అందులో గుండ్రటి గులకరాళ్లు. మన కృష్ణ ఒడ్డున దొరికే రాళ్లలాగే ఎక్కడా పదును లేదు. అడవి మధ్యలో, అంత ఎత్తున, నదిరాళ్లు ఎలా వచ్చాయి? మంచుయుగం చివర ఇక్కడంతా మంచుపలక. అది కరిగిన నీళ్లు దాని అడుగున సొరంగం తొలుచుకుని నదిలా పారాయి, ఇసుకనీ రాళ్లనీ దొర్లించుకుంటూ వచ్చి అందులోనే పోశాయి. పైన మంచు కరిగిపోయింది, నది పోసిన మేట మాత్రం గట్టులా మిగిలింది. మీరు నడిచేది ఆ నది అడుగు మీదే. చూశాక రాయి అక్కడే పెట్టేయండి, అది రక్షిత ప్రాంతం.

జూలైలో వెళ్తే తొందరేం లేదు, రాత్రి పదింటికి కూడా వెలుతురే. సాయంత్రం ఏటవాలు ఎండకి పైన్ మానులు రాగిరంగు తిరుగుతాయి, ఫొటోలకి అదే టైము. కాకపోతే దోమల మందు ముందే రాసుకోండి. నడుస్తున్నంతసేపూ ఊరుకుంటాయి, ఫోన్ పైకెత్తి నిలబడగానే వచ్చేస్తాయి.