చలికాలంలో హైబ్రిడ్ కారు మైలేజీ పడిపోకుండా చూసుకోవడం ఎలా?

ధనుర్మాసం పెట్టగానే గోదావరి డెల్టాలో హైబ్రిడ్ కార్లున్నవాళ్ల నోట ఒకటే మాట వినిపిస్తుంది: "మొన్నటిదాకా 23 ఇచ్చేదండి, ఇప్పుడు 19 కూడా రావట్లేదు. చలికి బ్యాటరీ పోయిందేమో!" బ్యాటరీకి ఏమీ కాలేదు. అమెరికా ఇంధన శాఖ లెక్క ఒకటుంది. ఉష్ణోగ్రత 25 డిగ్రీల నుంచి మైనస్ 7కి పడితే, ఊళ్లో తిరిగే మామూలు పెట్రోలు కారు మైలేజీ దాదాపు 15 శాతం తగ్గితే, హైబ్రిడ్‌ది 30 నుంచి 34 శాతం తగ్గుతుంది. అది అక్కడి మాట. అమలాపురంలోనో భీమవరంలోనో జనవరి తెల్లవారుజామున 17, 18 డిగ్రీలుంటే మనం మఫ్లర్ చుట్టేస్తాం గానీ, కారుకి అదొక చలే కాదు. ఇక్కడ మైలేజీని తినేవి ఏసీ నాబ్, రెండేసి కిలోమీటర్ల తిరుగుళ్లు, గాలి తగ్గిన టైర్లు. ఈ మూడూ మన చేతిలోవే.

ముందే ఒక మాట. ఇదంతా గ్రాండ్ విటారా, హైరైడర్‌లలోని స్ట్రాంగ్ హైబ్రిడ్, ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్, హోండా సిటీ హైబ్రిడ్ లాంటి కార్ల గురించి. వీటిలో పెట్రోలు ఇంజిన్‌తో పాటు, కారుని ఒంటరిగా కూడా లాగగల కరెంటు మోటారు ఉంటుంది. వెనక "స్మార్ట్ హైబ్రిడ్" అని రాసి ఉన్నవి వేరు. వాటిలో మోటారు ఇంజిన్‌కి చెయ్యి అందిస్తుందంతే, కారుని ఒంటరిగా లాగలేదు. టైర్ల సంగతి మాత్రం అందరికీ ఒకటే.

1. టైర్లలో గాలి

పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. ఎండలో నడిచొచ్చిన వేడి టైరుకి 33 పీఎస్ఐ కొట్టించి వదిలేస్తే, జనవరి తెల్లవారుజామున అదే టైరులో 29 దగ్గర ఉంటుంది. పది డిగ్రీల చల్లదనానికి ఒకటిన్నర నుంచి రెండు పీఎస్ఐ పోతుంది. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద రాసుంటుంది, పంక్చర్ షాపు కుర్రాడిని అడగక్కర్లేదు. పండక్కి ఏడుగురు ఎక్కి, డిక్కీలో కొబ్బరికాయలూ అరిసెల డబ్బాలూ వేస్తే, ఫుల్ లోడుకి రాసిన అంకె చూసి కొట్టించండి.

నైట్రోజన్ అయితే తగ్గదంటారు. చల్లబడితే అదీ గాలిలాగే తగ్గుతుంది. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. డబ్బులు పెట్టి మిగతా 22 శాతం కొనుక్కోవడం ఎవరిష్టం వాళ్లది.

2. ఇంజిన్ ఆయిల్

"మన ఎండలకి చిక్కటి ఆయిలే మంచిది" అనే మెకానిక్‌కి ఒక నమస్కారం పెట్టి బయటికి వచ్చేయండి. ఈ కార్లలో చాలావాటికి కంపెనీ చెప్పేది నీళ్లలా పల్చగా ఉండే 0డబ్ల్యూ-16 గానీ 0డబ్ల్యూ-20 గానీ. హైబ్రిడ్ ఇంజిన్ దారి పొడుగునా ఆగుతూ లేస్తూ ఉంటుంది. చిక్కటి ఆయిల్ పోస్తే వేడెక్కేదాకా ప్రతి కదలికా బరువే. మాన్యువల్‌లో ఏ గ్రేడ్ ఉంటే అదే పోయించాలి.

3. స్టార్ట్ చేయగానే కదిలించండి

గేటు ముందు అయిదు నిమిషాలు ఆన్‌లో పెట్టి వేడి చేయడం పాత అంబాసిడర్ల అలవాటు. హైబ్రిడ్‌లో అది దండగ. రెడీ లైటు పడి, సీటుబెల్టు పెట్టుకుని, అద్దాలు సర్దుకుంటే చాలు. మొదటి రెండు కిలోమీటర్లు యాక్సిలరేటర్ మీద కాలు మెత్తగా ఉంచండి. నిలబెట్టి తిప్పితే ఇంజిన్ నెమ్మదిగా వేడెక్కుతుంది, నడుపుతూ ఉంటే త్వరగా వేడెక్కుతుంది. ఆ మొదటి నిమిషాల్లో ఈవీ బటన్ (ఇంజిన్ ఆపి మోటారుతోనే నడిపేది) నొక్కినా కారు ఒప్పుకోదు. ఇంజిన్ నీళ్లు, పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కేదాకా ఇంజిన్ ఆగదు.

పాలకి ఒకసారి, ట్యూషన్‌కి ఒకసారి, గుడికి ఒకసారి అంటూ రెండేసి కిలోమీటర్లు తిరిగితే హైబ్రిడ్‌కి పెట్టిన లక్షలు వృథా అయ్యేది ఇందుకే. వేడెక్కేలోపే ఇంటికొచ్చేస్తారు. మధ్యలో రెండు మూడు గంటలు ఆగితే ఇంజిన్ చల్లారిపోయి మళ్లీ మొదటికొస్తుంది. నాలుగు పనులనూ ఒక్క తిరుగుడులో కలిపేసుకోండి. దూరంగా ఉన్న పనికి ముందు వెళ్లి, వేడెక్కిన ఇంజిన్‌తో దగ్గరి పనులు చూసుకుంటూ రండి. పాలకైతే సైకిలుంది.

చలిదేశాల వీడియోలు చూసి ముందు జాలీకి అట్టముక్క అడ్డం పెట్టేవాళ్లూ ఉన్నారు. వద్దు. బ్యాటరీ కరెంటుని మోటారుకి తగ్గట్టు మార్చే ఇన్వర్టర్‌ని చల్లబరిచే రేడియేటర్ కూడా అక్కడే ఉంటుంది.

4. అద్దం మీద మసక: అసలు తప్పంతా ఇక్కడే

పై మూడూ పద్ధతిగా చేసినవాళ్లు కూడా ఇక్కడ మునుగుతారు.

హైబ్రిడ్‌లో ఏసీ కంప్రెసర్‌ని తిప్పేది బ్యాటరీ కరెంటు. ఇంజిన్ ఆగి ఉన్నా ఏసీ పనిచేస్తుంది. హీటర్ అలా కాదు. దాని వేడి ఇంజిన్ చుట్టూ తిరిగే కూలెంట్ నుంచి రావాలి. వేడిగాలి అడిగారంటే ఇంజిన్ ఆన్‌లో ఉండాల్సిందే. కారు ఆగి ఉన్నా, బ్యాటరీ నిండా చార్జ్ ఉన్నా వేడి కోసమే ఇంజిన్ తిరుగుతూ ఉంటుంది. అప్పుడది హైబ్రిడ్ కాదు, బరువైన పెట్రోలు కారు.

"మేం హీటర్ వెయ్యమండి, మన ఊళ్లో హీటరెందుకు" అంటారు. వేస్తారు, తెలియకుండా. ఎండాకాలంలో ఏసీ భారం తగ్గాలని ఏసీని ఆటో మోడ్‌లో 26 దగ్గర పెట్టి వదిలేస్తారు. అప్పటికది తెలివైన పనే. డిసెంబరు పొద్దున్న బయట 18 ఉన్నప్పుడు ఆ 26 అంటే అర్థం "లోపల వేడి చెయ్యి" అని. మే నెలలో పెట్రోలు మిగిల్చిన అంకే జనవరిలో తాగుతుంది. చలికాలం పొద్దుటి ప్రయాణాలకి 22కి దించండి. చలేస్తే స్వెట్టరుంది.

ఇక మసక. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా పొద్దున్న చేల మీద, కాలువల మీద మంచు కమ్మేసి ఉంటుంది. గాలిలో నీరే నీరు. అద్దం మసకబారగానే చాలామంది ముందు అద్దం బొమ్మ ఉన్న డీఫాగర్ బటన్ నొక్కి, నాబ్ ఎర్రగీత చివరికి తిప్పేసి, ఆ సంగతి మరిచిపోయి రావులపాలెం నుంచి రాజమండ్రి దాకా అలాగే పోతారు. చాలా హైబ్రిడ్‌లలో ఆ బటన్ ఆన్‌లో ఉన్నంతసేపూ కారు ఈవీ మోడ్‌కి ఒప్పుకోదు. దారంతా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. తర్వాత తిట్లు మాత్రం బ్యాటరీకి.

ఏ బటన్ అయినా నొక్కేముందు చూపుడువేలితో అద్దం లోపలివైపు ఒక గీత గీయండి.

గీత పడి వేలికి తడి అంటితే మసక లోపలిది. మీ ఊపిరి, తడి మ్యాట్లు, సీటు కింది గొడుగు, డిక్కీలో ఆకుకూరల సంచి, అన్నీ కలిసి చేసిన పని. ఏసీ ఆన్ చేయండి, ఉష్ణోగ్రత 22, 23 మధ్య ఉంచండి. కారు బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం ఉన్న బటన్ ఆపి బయటి గాలి రానివ్వండి. గాలిని అద్దం మీదికి తిప్పి, ఫ్యాన్ రెండు మూడు గీతలు పెట్టండి. ఏసీ గాలిలోని తడిని పిండేస్తుంది. మసకని తీసేది పొడిగాలే, దానికి వేడి అక్కర్లేదు. రెండు నిమిషాల్లో తేటపడుతుంది. తేటపడిన మరుక్షణం గాలిని ముఖం వైపుకో కాళ్ల వైపుకో మళ్లించండి. ఇది మరిచిపోతే ఏం జరుగుతుందో కింద ఉంది.

గీత పడకపోతే మసక బయటిది. లోపలి నుంచి ఏసీ చల్లగాలి తగిలి అద్దం చల్లబడింది, బయటి తేమ దాని మీద మంచులా దిగింది, ఐసు నీళ్ల గ్లాసు బయట చెమర్చినట్టు. దీనికి మందు వైపర్. రెండుసార్లు తుడిచి, అద్దం మీదికి వచ్చే గాలిని ఆపేసి, ఉష్ణోగ్రత ఒకటో రెండో డిగ్రీలు పెంచండి. జనం ఇక్కడ సరిగ్గా తిరగేసి చేస్తారు. లోపలిదనుకుని ఏసీ ఉష్ణోగ్రత ఇంకా తగ్గించి గాలిని అద్దం మీదికే కొడతారు. అద్దం ఇంకా చల్లబడుతుంది, మసక ఇంకా పెరుగుతుంది. కంగారులో నాబ్ ఎర్రచివరికి పోతుంది. లోపలి మసక పోయాక గాలిని మళ్లించని వాళ్లకీ చివరికి పట్టేది ఈ గతే.

ఒక్క మినహాయింపు. కాలువ గట్టు రోడ్డు మీద, ఎదురుగా ధాన్యం లారీ వస్తుండగా అద్దం పూర్తిగా మూసుకుపోతే డీఫాగర్ పూర్తిగా నొక్కండి, ఫ్యాన్ ఫుల్, వేడి ఫుల్. మన గట్టు రోడ్లకి చాలాచోట్ల పిట్టగోడ కూడా ఉండదు. అక్కడ లీటరుకి ఎంతొస్తుందో లెక్కలేసుకోకూడదు. తేటపడ్డాక మాత్రం ఆపండి.

అసలు మసకే పట్టకుండా చూసుకోవడం ఇంకా మేలు. రాత్రి మ్యాట్లు తీసి ఆరబెట్టండి. వారానికోసారి అద్దం లోపలివైపు తడిగుడ్డతో, ఆపైన పాత న్యూస్‌పేపరుతో తుడవండి. డ్యాష్‌బోర్డు మీద అగరొత్తులు వెలిగించే అలవాటుంటే మానేయండి. ఆ పొగ అద్దానికి జిడ్డులా పడుతుంది, జిడ్డు మీద ఆవిరి ఇట్టే పట్టుకుంటుంది. దేవుడికి దండం పెడితే చాలు.

5. తగ్గిందో లేదో లెక్క

డ్యాష్‌బోర్డు అంకె నమ్మొద్దు. చాలా కార్లలో అది కాస్త పొగడ్తగానే ఉంటుంది. ఫుల్ ట్యాంకు కొట్టించి, నాజిల్ టక్కుమని మొదటిసారి ఆగగానే ఆపమనండి. "రౌండ్ చేద్దామండి" అంటే వద్దనండి. ట్రిప్ మీటర్ సున్నా చేసి, కనీసం 500 కిలోమీటర్లు తిరిగి, అదే బంకులో, కుదిరితే అదే నాజిల్‌తో మళ్లీ మొదటి టక్కు దాకా పోయించండి. 541 కిలోమీటర్లకి 24.6 లీటర్లు పడితే 22 వచ్చినట్టు. ఇలా మూడు ట్యాంకుల సగటు తీయండి. ధర తక్కువని ఒకసారి యానాంలో, ఒకసారి ఇంటి దగ్గర కొట్టిస్తే లెక్క కుదరదు. నాజిల్ ఆగే తీరు బంకు బంకుకీ మారుతుంది. నష్టాన్ని ఇథనాల్ పెట్రోలు మీదికి తోసేయడమూ కుదరదు. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే, నిజమే. కానీ ఏడాది పొడుగునా అదే పెట్రోలు పోయిస్తుంటే చలికాలపు తేడా దానిది ఎలా అవుతుంది? సంక్రాంతి వారం ట్యాంకుని లెక్కలోంచి తీసేయండి. భీమవరం చుట్టూ కోడిపందేల బరుల దారుల్లో ఇరుక్కున్న కారు మైలేజీ ఏ కంపెనీ ఇంజినీరూ చెప్పలేడు.

ఇవన్నీ చేశాక కూడా వర్షాకాలంతో పోలిస్తే పదిహేను శాతం తక్కువొస్తే అప్పుడు బండిని అనుమానించండి. ఏసీ పూర్తిగా ఆపి పావుగంట నడపండి. బ్యాటరీలో చార్జ్ ఉండి కూడా సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగకపోతే, థర్మోస్టాట్ (కూలెంట్ వేడిని అదుపులో ఉంచే వాల్వు) తెరుచుకుని ఉండిపోయిందేమో చూడమనండి. ఎండాకాలంలో ఆ లోపం బయటపడదు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉండేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. హైబ్రిడ్ ఎక్కువగా మోటారుతోనే వేగం తగ్గిస్తుంది కాబట్టి బ్రేకులకి పని తక్కువ. ఉప్పుగాలికి, బ్రేక్ ప్యాడ్‌ని వెనక్కి జరగనిచ్చే కాలిపర్ పిన్నులు తుప్పుపట్టి బ్రేక్ ప్యాడ్ డిస్కుని వదలకుండా పట్టుకుంటుంది. పది కిలోమీటర్లు నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టండి, డిస్కుకి తగలకుండా. ఒకదాని దగ్గర మాత్రమే సెగ కొడుతుంటే మీ పెట్రోలు అక్కడ కాలిపోతోంది.