బుక్ ఫెయిర్‌కి వెళ్ళి పుస్తకాలతో పాటు చదివేవాళ్ళని కూడా చూడటం ఎలా?

తెలుగు పుస్తకాలు ఇప్పుడెవరు చదువుతున్నారండీ అనే మాట నేను చాలా ఏళ్ళుగా వింటున్నా. ఆ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ప్రతి ఏడాదీ హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి వెళ్తా కదా, చదివేవాళ్ళు అక్కడ నా కళ్ళముందే ఉంటారు. ఐతే ఒకటి, గబగబా నాలుగు స్టాళ్ళు తిరిగేసి రెండు పుస్తకాలు కొనుక్కుని మిర్చి బజ్జీ తినేసి వచ్చేస్తే జనం కనపడతారు గానీ పాఠకులు కనపడరు. దానికి కాస్త ఆగాలి, ఓపిక పట్టాలి. నేను ఎలా చూస్తానో, ఎన్నేళ్ళకి నాకు అలవాటైందో అది వరసగా రాస్తున్నా, మీకు పనికొస్తే ఈసారి ట్రై చేయండి.

1. ఒక్కరోజుతో సరిపెట్టుకోకండి, కనీసం రెండుసార్లు వెళ్ళండి

హైదరాబాద్‌ది మామూలుగా డిసెంబర్ రెండో సగంలో ఉంటుంది, దోమలగూడలో ఇందిరా పార్క్ దగ్గర ఎన్టీఆర్ స్టేడియంలో, పది పదకొండు రోజులు. డేట్లు మాత్రం ముందే చూసుకోండి, 2024లో ఐతే ఫిబ్రవరిలో ఒకటి జరిగింది, మళ్ళీ డిసెంబర్‌లో ఇంకోటి జరిగింది. మెట్రోలో వచ్చేవాళ్ళు చిక్కడపల్లిలో గానీ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో గానీ దిగి ఆటో ఎక్కితే సరిపోతుంది. టికెట్ నేను వెళ్ళినప్పుడు 10 రూపాయలు.

విజయవాడ వాళ్ళకైతే చెప్పక్కర్లేదు, 1989 నుంచి కొత్త సంవత్సరం వస్తే పుస్తక మహోత్సవం వచ్చినట్టే. చాలా ఏళ్ళు స్వరాజ్య మైదానంలోనే జరిగేది, అదేనండీ పీడబ్ల్యూడీ గ్రౌండ్స్, ఇప్పుడక్కడ అంబేద్కర్ గారి పెద్ద విగ్రహం, స్మృతివనం వచ్చాయి కాబట్టి వేరే గ్రౌండ్‌లో పెడుతున్నారు. అక్కడ పుస్తక ప్రియుల పాదయాత్ర అని ఒకటి జరుగుతుంది, పుస్తకం కోసం జనం రోడ్డు మీద నడుస్తారు. పాఠకుల్ని చూడాలనుకునేవాళ్ళు ఆ రోజు మిస్ అవ్వొద్దు.

రెండుసార్లు ఎందుకంటే, వర్కింగ్ డే మధ్యాహ్నం వచ్చేవాళ్ళు వేరు, ఆదివారం సాయంత్రం వచ్చేవాళ్ళు వేరు. మంగళవారమో బుధవారమో మూడింటికి వెళ్తే రిటైరైన పెద్దవాళ్ళు, హాస్టల్ పిల్లలు, కోచింగ్ కుర్రాళ్ళు కనపడతారు, తీరిగ్గా చదువుతారు, స్టాల్ వాళ్ళు కూడా మాట్లాడే మూడ్‌లో ఉంటారు. ఆదివారం ఫ్యామిలీలు వస్తాయి, తోపులాట ఉంటుంది. చూడటానికి మొదటిది, కొనడానికి రెండోది అని పెట్టుకోండి.

2. సంచి, చిల్లర, చిన్న నోట్‌బుక్

గుడ్డసంచి ఒకటి, నీళ్ళ సీసా, జేబులో పట్టే నోట్‌బుక్, పెన్ను. క్యాష్ తప్పకుండా పెట్టుకోండి, అంత జనం ఒకచోట చేరేసరికి నెట్‌వర్క్ దొరక్క స్కాన్ చేసిన పేమెంట్ తిరుగుతూనే ఉంటుంది, వెనక లైన్‌లో పదిమంది నిలబడతారు. చీకటి పడితే చలి, కాబట్టి స్వెటర్. అంతే.

3. మొదటి రౌండ్ ఖాళీ చేతుల్తో తిరగండి

స్టాళ్ళు మూడొందలు దాటి ఉంటాయి. మొదటి గంట ఏదీ కొనకుండా ఒక చివర్నించి ఇంకో చివరికి నడిచి ఎక్కడెవరున్నారో చూసుకోండి. ఎమెస్కో, నవోదయ, నవచేతన, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ లాంటి తెలుగు ప్రచురణకర్తలు, పిల్లల పుస్తకాలకి మంచి పుస్తకం, తక్కువ ధరకి మంచి పుస్తకాలిచ్చే నేషనల్ బుక్ ట్రస్ట్, సాహిత్య అకాదెమీ, ఇంకో పక్క గీతాప్రెస్, రామకృష్ణ మఠం, పోటీ పరీక్షల పుస్తకాల వాళ్ళు, ఏ పుస్తకమైనా వంద అని బోర్డు పెట్టే ఇంగ్లీష్ సెకండ్ హ్యాండ్ వాళ్ళు. పోటీ పరీక్షల స్టాళ్ళ దగ్గర అంతమంది కుర్రాళ్ళెందుకంటే పక్కనే అశోక్‌నగర్, చిక్కడపల్లి లైబ్రరీ, కోచింగ్ సెంటర్లు. కొంతమంది వాళ్ళని చూసి వీళ్ళు పాఠకులు కాదు అంటారు, నేను ఒప్పుకోను. గ్రూప్ 2 పుస్తకం కొన్న కుర్రాడు వెళ్ళేముందు పక్క స్టాల్‌లో కవిత్వం పుస్తకం తీసి రెండు పేజీలు నిలబడి చదివి, వెల చూసి, మెల్లిగా పెట్టేసి వెళ్ళడం నేను ఎన్నోసార్లు చూశా. ఆ పెట్టేసేటప్పుడు పుస్తకాన్ని సరిగ్గా ఎక్కడ తీశాడో అక్కడే, అట్ట మీద చెయ్యి ఒకసారి రాసి మరీ పెడతాడు.

4. ఒక చోటు చూసుకుని ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడండి

ఇదే అసలు పని. స్టాల్ ముందు టేబుల్‌కి అడ్డంగా నిలబడొద్దు, కొనేవాళ్ళకి ఇబ్బంది. లోపల మూల ర్యాక్ పక్కన నిలబడి మీరూ ఒక పుస్తకం చేతిలో పట్టుకోండి. మొదటి ఐదు నిమిషాలు బోర్ కొడుతుంది, ఆ తర్వాత ఒక్కొక్కళ్ళు విడివిడిగా కనపడటం మొదలవుతారు.

మొహాలు కాదు, చేతులు చూడండి. పెద్దవాళ్ళు పుస్తకం తీయగానే అట్ట చూడరు, నేరుగా రెండో పేజీకి వెళ్ళిపోతారు. మన తెలుగు పుస్తకాల్లో ఆ పేజీలో ఎన్ని విషయాలుంటాయో మీరెప్పుడైనా గమనించారా, ప్రథమ ముద్రణ ఎప్పుడు, వెల ఎంత, ప్రతులకు అని దొరికే చోటు అడ్రస్, ప్రతులు 1000 అనో 500 అనో ఎన్ని కాపీలు వేశారో కూడా చాలావాటిల్లో ఉంటుంది. ఆ సంవత్సరం చూసి ఓ ఇది పాత ప్రింటే అని పెట్టేసేవాళ్ళు, ఇది మా ఇంట్లో ఉండాలే అని గుర్తు చేసుకునేవాళ్ళు, వీళ్ళంతా అలవాటున్న పాఠకులు. కుర్రాళ్ళు వెనక అట్ట మీది నాలుగు లైన్లు చదివి, తర్వాత మధ్యలో ఎక్కడో తెరుస్తారు. ఫోన్‌తో అట్ట ఫొటో తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళని చూసి చిన్నచూపు చూడకండి, అందులో కొందరు రెండు రోజులకి మళ్ళీ వచ్చి ఆ ఫొటో చూపించి ఇది కావాలండీ అని అడుగుతారు.

చొక్కా జేబులో చీటీ ఉన్నవాళ్ళని అసలు వదలొద్దు. నాలుగు మడతలు పెట్టిన కాయితం, సన్నటి అక్షరాలు, కొన్న పుస్తకం పేరు పక్కన టిక్. అలాంటి ఒక పెద్దాయన ఒకసారి స్టాల్ అబ్బాయిని "పెద్దక్షరాలది ఏమైనా వేశారా బాబూ, ఇది కనపడట్లేదు" అని అడిగారు. లేదు సార్ అన్నాడు అబ్బాయి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి ప్రయత్నించారు, పుస్తకాన్ని లైట్ కిందికి జరిపి, చేతులు చాపి దూరంగా పట్టుకుని. చివరికి కొన్నారు, మనవరాలు చదివి వినిపిస్తుందిలే అంటూ. ప్రచురణకర్తలు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి అక్షరాల సైజు గురించి ఆలోచించండి, తెలుగులో ఒత్తులు, గుడులు ఉంటాయి కదా, చిన్న సైజులో అవన్నీ కలిసిపోతాయి. జీవితమంతా పుస్తకాలు కొన్నవాళ్ళు ఇప్పుడు చదవలేక ఆగిపోతున్నారు.

5. పిల్లల స్టాల్ దగ్గర కింద కూర్చోండి

నిలబడితే మీకు తల్లిదండ్రులు కనపడతారు, కూర్చుంటే పిల్లలు కనపడతారు. చాలామంది అమ్మానాన్నలు ఇంగ్లీష్ బొమ్మల పుస్తకం చేతిలో పెడతారు, పిల్లలు ఏ భాష అని చూడరు, బొమ్మ చూస్తారు. ఒక పాపకి ఆరేడేళ్ళుంటాయేమో, తెలుగు కథల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటోంది, 'ష్ట' దగ్గర ఆగిపోయింది, అమ్మ వైపు చూసింది, అమ్మ ఫోన్‌లో ఉంది, మళ్ళీ తనే రెండుసార్లు అనుకుని పక్క అక్షరానికి వెళ్ళింది. ఆ ఒక్క మాట పూర్తయ్యేదాకా నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నా. మీరు పిల్లల్ని తీసుకెళ్తుంటే ఒక్కటే చేయండి, వాళ్ళ చేతికి వంద రూపాయలిచ్చి వాళ్ళనే ఎంచుకోనివ్వండి, మీరు మాట్లాడొద్దు.

6. పాత పుస్తకాల దగ్గర ఎక్కువ టైమ్ పెట్టుకోండి

ఇక్కడ పాఠకులు ఇంకోలా ఉంటారు, కావలసిందేదో వాళ్ళకే తెలీదు, దొరికాక తెలుస్తుంది. సోవియట్ వాళ్ళు తెలుగులో వేసి పంపిన పుస్తకాలు ఉండేవి కదా, గట్టి అట్ట, మందపాటి కాయితం, అప్పట్లో విశాలాంధ్ర షాపుల్లో చవగ్గా దొరికేవి, వాటి కోసం ఇప్పటికీ వెతికేవాళ్ళున్నారు, దొరికితే మొహం వెలిగిపోతుంది. ఇంకో సంగతి, పాత పుస్తకంలో మొదటి తెల్ల కాయితం చూడటం నేర్చుకోండి. మన వాళ్ళకి పెళ్ళిళ్ళకి పుస్తకాలు కానుకగా చదివించే అలవాటుండేది. నీలం ఇంకుతో "వివాహ శుభాకాంక్షలతో" అని, కింద సంతకం, 1968 అని ఉన్న ఒక పుస్తకాన్ని ఒకావిడ తెరిచి చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయారు, ఆమెకి వాళ్ళెవరో తెలీదు. భర్తని పిలిచి "ఇదిగో, మన పెళ్ళైన ఏడాదే" అన్నారు. లోపల ఏముందో చూడనే లేదు, అలాగే కొనేశారు.

ఈ రుచి పట్టుకుంటే ఏడాదంతా చూడొచ్చు, ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదా, కోఠీలోనూ.

7. మాట్లాడండి, కానీ టైమ్ చూసి

చదువుతున్నవాళ్ళని కదిలించొద్దు. పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాకో, బిల్లు రాయించుకునేటప్పుడో, "బాగుంటుందా అండీ ఇది?" అని అడగండి చాలు. మీరేం చదువుతారు, ఎన్ని చదువుతారు లాంటి ప్రశ్నలు వేస్తే సర్వేకి వచ్చినవాళ్ళనుకుని ముడుచుకుపోతారు. బాగుంటుందా అంటే మాత్రం ఆగకుండా చెప్తారు. ఒక టీచర్ గారు నన్ను చెయ్యి పట్టుకుని మూడు స్టాళ్ళు తిప్పి, ఇది చదవండి, ఇది తర్వాత, అది ఇప్పుడే వద్దు అని వరస చెప్పి పంపారు, ఆ వరసలోనే చదివా, ఆయన చెప్పింది కరెక్టే.

రచయితల స్టాల్ దగ్గరికి కూడా వెళ్ళండి. సొంత డబ్బు పెట్టి వేసుకున్న పుస్తకాన్ని ముందు పెట్టుకుని కొంతమంది కూర్చుని ఉంటారు. ఎవరైనా తమ పుస్తకం తీస్తే వాళ్ళు పక్కకి చూస్తారు, చదివేవాళ్ళని ఇబ్బంది పెట్టకూడదని. కొనకపోయినా పర్లేదు, ఒక పేజీ పూర్తిగా చదివి పెట్టండి.

8. ఫొటోలు తీయొద్దు

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నది. ఒక స్టాల్‌లో ఒకాయన గోడకి ఆనుకుని చదువుకుంటుంటే బాగుందనిపించి ఫోన్ తీసి క్లిక్ చేశా. ఆయన తలెత్తి చూసి, ఏమీ అనలేదు, పుస్తకం అక్కడ పెట్టేసి వెళ్ళిపోయారు. కొనేవారేమో, ఇంకో గంట చదువుకునేవారేమో, నా వల్ల పోయింది. ఫొటో డిలీట్ చేశా గానీ ఆ పేజీ ఆయనకి మళ్ళీ దొరకదు కదా. స్టాళ్ళవి, అట్టలవి తీసుకోండి, చదివేవాళ్ళవి వద్దు. అడిగితే ఒప్పుకుంటారు నిజమే, కానీ అడిగాక వాళ్ళు చదవరు, చదువుతున్నట్టు కూర్చుంటారు.

9. ఆ రాత్రే రాసుకోండి

ఇంటికెళ్ళాక పడుకునేముందు నోట్‌బుక్‌లో ముగ్గురి గురించి రాయండి, ఏం పుస్తకం తీశారు, ఎంతసేపు పట్టుకున్నారు, పెట్టేశారా కొన్నారా, అంతే. పేర్లొద్దు. పొద్దున రాద్దాంలే అనుకుంటే అన్నీ కలిసిపోతాయి. నా కొనే లిస్టు ఇప్పుడు అందులోంచే తయారవుతుంది, పేపర్లో వచ్చే రివ్యూల కంటే, పెట్టేసిన పుస్తకం కోసం వెనక్కి తిరిగొచ్చినవాళ్ళ మీద నాకు నమ్మకం ఎక్కువ. మొదటిరోజు రాసుకున్నవి పట్టుకుని ఆదివారం వెళ్ళి కొంటా.

10. వీలైతే చివరి రోజు ఎనిమిదిన్నరకి వెళ్ళండి

అప్పటికి మైకులో అనౌన్స్‌మెంట్లు ఐపోతుంటాయి, స్టాళ్ళలో అట్టపెట్టెలు బయటికొస్తాయి. ఇంకాస్త తగ్గిస్తారేమో అని ఆఖర్న వచ్చేవాళ్ళుంటారు, తప్పేమీ లేదు, జేబులో ఉన్నదాన్నిబట్టే కదా ఎవరైనా కొనేది. పోయినసారి ఒక స్టాల్‌లో సగం ర్యాకులు విప్పేశారు, అబ్బాయి పురికొసతో కట్టలు కడుతున్నాడు, కిందున్న కట్టమీద ఒకమ్మాయి కూర్చుని చదువుతోంది, ఆ అబ్బాయి ఆమె కూర్చున్న కట్ట వదిలేసి మిగతావన్నీ సర్దుతున్నాడు. ఇంతలో ఒకాయన పరిగెత్తుకుంటూ వచ్చి ఒక పుస్తకం పేరు చెప్పి ఉందా అన్నాడు. అబ్బాయి ఒక్క క్షణం ఆలోచించి, అప్పుడే కట్టి పక్కన పెట్టిన మూడో కట్ట లాగి, ముడి పళ్ళతో విప్పడం మొదలుపెట్టాడు.