భవన ప్రారంభోత్సవానికి వెండి తాపీ చేయించే విధానం

ఊరిలో గ్రంథాలయమో, పాఠశాలో, పంచాయతీ భవనమో పూర్తయినప్పుడు చివరి రాయికి సున్నం అద్దడానికి వెండి తాపీని, తలుపు తెరవడానికి వెండి తాళంచెవిని, రిబ్బను కత్తిరించడానికి వెండి పిడుల కత్తెరను వాడే మర్యాద ఆంగ్లేయుల కాలంలో మన దగ్గరికి వచ్చింది. 1793 సెప్టెంబరు 18న అమెరికా క్యాపిటల్ భవనానికి మూలరాయి వేసినప్పుడు జార్జి వాషింగ్టన్ పట్టిన వెండి తాపీ నేటికీ భద్రంగా ఉన్నది. ముఖ్య అతిథికే ఆ పనిముట్టును బహూకరించడం ఆంగ్లేయుల ఆచారం. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలో ఇటువంటి వేడుక తలపెట్టే కమిటీలకు నా మనవి ఏమిటంటే, అతిథిని శాలువాతో సత్కరించండి, తాపీని మాత్రం భవనంలోనే ఉంచండి. నలుగురి చందాలతో లేచిన గోడల గుర్తు ఒకరి ఇంటి బీరువాలోకి వెళ్లకూడదు.

పనిముట్టు చేయించే ముందు వెండి స్వభావాన్ని తెలుసుకోవాలి. మేలిమి వెండి మెత్తనిది, ఇట్టే వంగుతుంది. అందుచేత వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగిలినది ముఖ్యంగా రాగి ఉండే మిశ్రమాన్ని అడగాలి; బి.ఐ.ఎస్. హాల్‌మార్కుతో పాటు 925 అనే అంకె వేయించాలి. జర్మన్ సిల్వర్ అనే పేరు విని మోసపోకూడదు, అందులో రాగి, నికెల్, జింకు తప్ప వెండి ఉండదు. కత్తెర అలుగులను వెండితో చేస్తే గుడ్డ తెగదు, నలుగుతుంది. కాబట్టి అలుగులు ఉక్కువే ఉండాలి. తాళంచెవికి కూడా పట్టుకునే తలను వెండితో, తాళంలో తిరిగే భాగాన్ని ఉక్కుతో చేయించి, ముందురోజే ఆ తాళాన్ని పదిసార్లు తీసి వేసి చూసుకోవాలి.

త్రికోణాకారపు తాపీ ఆకు 12 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంతో ఉంటే దానికి దాదాపు 60 గ్రాముల వెండి పడుతుంది. మెడ, పిడి కట్టు అదనం. ఈ లెక్క చేతిలో ఉంటే తరుగు, మజూరీల గురించి కంసాలితో స్పష్టంగా మాట్లాడుకోవచ్చు. ఆకును, మెడను విడివిడిగా చేసి టంకం పెడితే ఆ అతుకు దగ్గరే విరిగే అవకాశం ఎక్కువ, కనుక రెండింటినీ ఒకే ముక్కనుంచి సాగగొట్టమని కోరాలి. పాత భవనాన్ని పడగొట్టి కొత్తది కట్టినట్లయితే, పాత తలుపు టేకును పిడికి వాడితే అంతకన్నా తగిన కర్ర దొరకదు. ఇత్తడి పిడి కావాలనుకునేవారికి శ్రీకాకుళం జిల్లాలోనే బుడితి అనే ఊరిలో ఇత్తడి పనివారున్నారు.

అసలైన శ్రద్ధ అక్షరాల మీద పెట్టాలి. భవనం పేరు, ఊరు, తేదీ, తాపీ పట్టినవారి పేరు ఎలాగూ చెక్కిస్తారు. వీటితో పాటు భవనం కట్టిన తాపీమేస్త్రి పేరు తప్పక ఉండాలి. శిలాఫలకం మీద ఎన్ని పేర్లు ఉన్నా ఆ ఒక్క పేరు చాలాచోట్ల కనబడదు, ఆ లోటును ఇక్కడైనా తీర్చాలి. తెలుగు అక్షరాల ఒత్తులు, గుడులు చిన్న కొలతలో పూడిపోతాయి కనుక అక్షరం ఎత్తు 4 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూడాలి, ఆకు ముందువైపు చాలకపోతే వెనుకవైపు కూడా వాడుకోవాలి. చెక్కడానికి ముందు అక్షరాలను కాగితం మీద అసలు కొలతలోనే రాయించి, ఇద్దరు వేర్వేరుగా చదివి తప్పులు దిద్దాలి. వెండి మీద పడిన తప్పును చెరపాలంటే లోహాన్ని అరగదీయవలసి వస్తుంది.

వేడుకలో కొంచెం సున్నమో సిమెంటో నిజంగా అద్దించడమే మంచిది. ఆ వెంటనే, తడి ఆరకముందే, మంచినీటితో కడిగి మెత్తని నూలుగుడ్డతో అద్దాలి. రుద్దితే ఇసుక రేణువులు గీతలు పెడతాయి. కర్ర పిడిని నీటిలో నానబెట్టకూడదు.

వెండి నల్లబడేది గాలిలోని గంధకం వల్ల, తేమ దానికి తోడవుతుంది. ఏటా విభూతితోనో పళ్లపొడితోనో తోమితే నలుపుతో పాటు అక్షరాలు కూడా అరిగిపోతాయి. ఒక పాత తాపీని ఏళ్ల తరబడి ఇలా భక్తిగా తోమగా, దాని మీద తేదీ మాత్రమే మిగిలి పేరు చెరిగిపోవడం నేను చూశాను. నిజంగా నల్లబడినప్పుడు మాత్రమే మెత్తని సుద్దపొడిని నీటితో కలిపి తేలికగా తుడవాలి. రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ దాని దగ్గరికి రానీయకూడదు. ఉతికి ఆరబెట్టిన నూలుగుడ్డలో చుట్టి, మూత గట్టిగా పట్టే పెట్టెలో తేమను పీల్చే సిలికాజెల్ పొట్లంతో పెట్టాలి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానును చూసినవారికి, ఆ పెట్టెను నేలకు దగ్గరగా ఉండే అరలో పెట్టకూడదని వేరే చెప్పనక్కరలేదు.

చేతికి వచ్చిన రోజునే తూకాన్ని గ్రాములలో, కొలతలను, చెక్కిన మాటలను యథాతథంగా భవనపు స్టాక్ రిజిస్టరులో రాసి, రెండు వైపుల ఫొటోలు అతికించి, కమిటీ సభ్యులు ఇద్దరు సంతకం చేయాలి. బాధ్యులు మారిన ప్రతిసారీ తాపీని మళ్లీ తూచి, ఆ తూకాన్ని పాత తూకం పక్కనే నమోదు చేసిన తరువాతే పెట్టె తాళంచెవిని కొత్తవారికి అప్పగించాలి.