వానల్లో వెండి మట్టి కాల్చబోతున్నారా? ముందు అద్దం తీయండి

పోయిన ఆదివారం నా దగ్గర నేర్చుకునే అమ్మాయి ఇంట్లో వెండి మట్టితో చేసిన గొడుగు పట్టుకున్న కప్ప లాకెట్ కాలుస్తుంటే టప్‌మని పేలింది. కప్ప కాలు ఎగిరొచ్చి కనుబొమ్మకు తగిలింది. కాస్త కిందికి తగిలి ఉంటే కంటికే. మూడు రోజులు ఆరబెట్టానంది. నిజమే, కానీ ఆ మూడు రోజులూ విశాఖలో ముసురు.

గ్యాస్ టార్చ్ మంటతో జాగ్రత్త అని మీకు చెప్పక్కర్లేదు. ఇన్నేళ్లలో ఎక్కువ మందిని దెబ్బతీసిన తప్పు వేరే ఉంది: లోపల తడి ఉండగానే కాల్చడం.

వెండి మట్టిలో ఉండేది మెత్తటి వెండి పొడి, దాన్ని పట్టి ఉంచే జిగురు, నీళ్లు. కాల్చినప్పుడు జిగురు మండిపోయి, వెండి రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. నీళ్లు మిగిలి ఉంటే మాత్రం మంట తగలగానే ఆవిరై, దారి దొరక్క బొమ్మను పగలగొట్టుకుని వస్తాయి. పైన గట్టిపడగానే ఆరిపోయిందనుకుంటాం. నా మొదటి ఏనుగు అలాగే పోయింది. చెవులూ తొండమూ ఎండుటాకుల్లా ఆరాయి, పొట్ట ఆరలేదు. పల్చటి ఆకు లాకెట్‌తో ఇంత భయం లేదు. మనకిష్టమైన బొద్దు పిట్టలు, నత్తలు, బొజ్జ పిల్లులతోనే భయం.

అందుకే అద్దం. బొమ్మను కాఫీ కప్పు వెచ్చబెట్టే ప్లేటు మీద వేడి చేసి, చల్లటి అద్దం మీద కొన్ని సెకన్లు పెట్టి తీయండి. కింద ఆవిరి మరక కనిపిస్తే తడి ఉన్నట్టే. మళ్లీ వేడి చేయండి, మళ్లీ పెట్టండి. వరసగా రెండుసార్లు మరక పడకపోతేనే టార్చ్ ముట్టుకోండి. అద్దం బదులు స్టీలు పళ్లెమైనా ఫరవాలేదు.

వానాకాలంలో ఫ్యాన్ గాలిని నమ్మకండి, ఆ గాలిలోనే తేమ ఉంటుంది. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. అతుకు వేసినా, పగులు పూడ్చినా ఆ తడి మళ్లీ లోపలికి వెళ్తుంది, కాబట్టి అద్దం పరీక్ష మొదటి నుంచి. లోపల బోలుగా చేస్తే కనపడని చోట సూది రంధ్రం వదలండి. 25 గ్రాములు దాటితే టార్చ్ వద్దు, కిల్న్‌లోనే (మట్టి బొమ్మలు కాల్చే కొలిమి). ముత్యం, పగడం మట్టిలో పొదిగి కాల్చొద్దు. రాళ్లున్న నగను వేడి మీద నీళ్లలో ముంచొద్దు. అల్యూమినియం రేకు తగలనివ్వొద్దు, వెండి పాడవుతుంది. గదిలో వెలుతురు తగ్గించండి, వెండి సరిగ్గా కాలేటప్పుడు వచ్చే లేత నారింజ రంగు మెరుపు అప్పుడే కనిపిస్తుంది. నగ పైభాగం అద్దంలా తళతళలాడితే వెంటనే మంట వెనక్కి తీయండి. వెండి 961 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. నైలాన్ చున్నీ తీసేయండి. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి, ఒక్క నిమిషం పనే అయినా సరే. రాగి మట్టిని బొగ్గుపొడిలో కాలిస్తే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు. ఇంట్లో వాళ్లు పడుకునే గదిలో ఆ కిల్న్ పెట్టొద్దు. రాఖీకి కావాలని ఎవరు తొందరపెట్టినా ఇంకా ఆరలేదని చెప్పండి. అద్దం చూడకుండా కాల్చొద్దు.

ఒకవేళ పేలితే ముందు టార్చ్ ఆపండి. ముక్కల్ని చేత్తో ఏరకండి, చెప్పుల్లేకుండా కదలకండి. కంట్లో పడిందనిపిస్తే నలపకండి, ఆ క్షణమే కంటి డాక్టర్ దగ్గరికి బయల్దేరండి.